ముస్కాన్ కళ్లతో రెడ్డెప్ప ఆట

మదనపల్లె డిపోలో డ్రైవర్ రెడ్డెప్పను రోజుకు తక్కువలో తక్కువ రెండు వందల మంది ‘అన్నా’ అని పిలుస్తారు. అన్నా ఈడ ఆపు, అన్నా ఈ మూట ఇంజిన్ పక్కన పెట్టేదా, అన్నా కుప్పానికి ఎన్నింటికి పోతాది. పళ్లూడిన ముసలాయనా అంటాడు, ముక్కు కారే పిల్లాడూ అంటాడు. ఇవి గాక ఇంట్లో ముగ్గురు తమ్ముళ్లు, ఒక చెల్లెలు, వాళ్ల పిలుపులు వేరే. ఇన్ని అన్నలు చెవిన పడుతున్న మనిషి ఇంకొక్క అన్న కోసం నిద్ర చెడగొట్టుకోవడం ఏమిటని ఎవరైనా అడిగితే, రెడ్డెప్ప వాళ్లవైపు జాలిగా చూసి, “నీకు తోడల్లుడు లేడు గదప్పా, నీకెట్ల తెలుస్తాది?” అంటాడు.

ఆ తోడల్లుడి పేరు చెంగల్రాయుడు. పుంగనూరులో పశువుల ఆసుపత్రిలో అటెండరు. రెడ్డెప్ప భార్య రత్నమ్మకు సొంత చెల్లెలు దీప, ఆ దీప మొగుడీయన. అక్క మొగుణ్ణి చెల్లెలి మొగుడు ‘అన్నా’ అనాలి. ఇది ఏ చట్టంలోనూ రాసి లేదు. అందరూ అంటారు కాబట్టి రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. చెంగల్రాయుడు మాత్రం పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి, నోరు జారి కూడా, ఆ మాట అనలేదు. “ఏమప్పా రెడ్డెప్పా” అంటాడు. అదీ అత్తామామల ముందర, నలుగురూ వింటుండగా, మీసం మీద చెయ్యేసుకుని మరీ అంటాడు.

ఆయన పట్టుకున్న పాయింటు వయసు. సర్టిఫికెట్లలో ఇద్దరిదీ డెబ్బై తొమ్మిదే. చెంగల్రాయుడిది జూన్ తొమ్మిది, రెడ్డెప్పది జులై ఒకటి. ఇరవై రెండు రోజులు పెద్ద. ఆ జులై ఒకటి రెడ్డెప్ప పుట్టిన రోజు కానే కాదు, బడిలో పేరు రాసుకున్న అయ్యవారి కలానికి తోచిన రోజు. ఆ ఏడు బడిలో చేరిన పదకొండు మందీ అదే రోజు పుట్టారు. పెద్దమండ్యంలో ఉన్న తల్లిని అడిగితే, “శెనక్కాయలు పీకే కాలంలో పుట్టినావు, మధ్యాన్నం దాకా కూలి చేసి వచ్చి కన్నా” అంటుంది. చెంగల్రాయుడి జూన్ తొమ్మిదీ అటువంటిదే. కూలికి పోయిన తల్లులు కన్న పిల్లలకు క్యాలెండరు ఎవరు చూశారు? కానీ గవర్నమెంటు స్టాంపు పడిన కాగితం చేతిలో పెట్టుకుని మాట్లాడేవాడితో ఎవరు వాదిస్తారు? రెడ్డెప్ప వాదించాడు. పద్దెనిమిదేళ్లు.

తగువు ముదిరింది వి.కోటలో, అత్తగారింట్లో. బావమరిది కొడుక్కి పేరు పెట్టే రోజు. అత్తగారు పళ్లెంలో కొత్త బట్టలు తీసుకొచ్చి, “పెద్దల్లుడు ముందర తీసుకోవల్ల” అంది. అల్లుళ్లిద్దరూ ఒకేసారి లేచారు. ఇద్దరూ ఒకే పళ్లెం మీద చెయ్యేశారు. పాపం అత్తగారు ఎటు వంగినా తప్పే. మధ్యలో పళ్లెం పట్టుకుని వంటింటి వైపు చూస్తూ నిలబడింది. పంచె అంచు ఒకరి చేతిలో, చొక్కా గుడ్డ ఇంకొకరి చేతిలో.

“సచ్చిపోతాండాం మీతో!” అని దీప కేకేసింది. “ఏదన్నా ఆట ఆడి తేల్చుకోండి. గెలిచినోడు అన్న, ఓడినోడు తమ్ముడు. సచ్చేదాకా అదే పిలుపు. ఇంగ మా ముందర ఈ పంచాయితీ వద్దు.”

“పూల్,” అన్నాడు చెంగల్రాయుడు, ఊపిరి కూడా తిప్పుకోకుండా.

“సరే,” అన్నాడు రెడ్డెప్ప, అంతే వేగంగా. పూల్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. క్యారంబోర్డుకు పట్నం పేరేమో అనుకున్నాడు. చెంగల్రాయుడు ఆరేళ్లుగా ప్రతి సాయంత్రం పుంగనూరు బస్టాండు పక్క మేడ మీద అదే ఆడుతున్నాడని తిరుగు ప్రయాణంలో రత్నమ్మ చెప్పింది. మూడు నెలలు గడువు. మాట ఇచ్చేశాడు. ఇక వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది.

రెడ్డెప్పది మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే సర్వీసు. కండక్టరు హేమలత. ముప్ఫై ఏళ్లు దాటని పిల్ల, నోరూ చేతులూ సమానంగా పనిచేస్తాయి. ఈయన గోడు విని, కుప్పంలో మధ్యాహ్నం బస్సు ఆగినప్పుడు ఫోనులో వెతికి ఒక వీడియో చూపించింది.

“ఇది సూడన్నా. ఆడే మనిషి నుదుటికి ఫోను కట్టుకోని ఆడతాండారు. ఆ మనిషి కండ్లల్లో మనం కూసున్నెట్లే ఉండాది.”

నిజమే. ఆ వీడియోల్లో ఆటగాడి ముఖం కనిపించదు. ఆ కళ్లు ఏం చూస్తే మనకూ అదే కనిపిస్తుంది. ఆకుపచ్చ గుడ్డ పరిచిన టేబులు, దాని మీద రంగురంగుల బంతులు, గడ్డం కింది నుంచి ముందుకు సాగిన స్టిక్, నల్ల గ్లవుజు వేసుకున్న ఎడమ చెయ్యి. మాట లేదు, పాట లేదు. ఫ్యాను తిరిగే చప్పుడు, టక్కుమని బంతి తగిలే చప్పుడు, అంతే. అలాంటి వీడియోలు ఎనభై దాకా ఉన్నాయి. ఒక్క బంతీ తప్పడం లేదు. రెడ్డెప్ప ఆనందం పట్టలేకపోయాడు. బస్సు నేర్చుకున్నప్పుడు గురువు పక్కన కూర్చున్నాడు గానీ గురువు కళ్లలో కూర్చోలేదు కదా! ఇంతకన్నా దగ్గరి చదువు ఎక్కడ దొరుకుతుంది?

నాలుగో వీడియోకే ఆయనకు కిటుకు దొరికిపోయింది. ప్రతి దెబ్బకు ముందు ఆ కళ్లు ఎడమవైపు తిరుగుతున్నాయి, ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. తర్వాత కుడివైపు పైకి ఒకసారి. తర్వాత టేబులు చెక్క మీద వేళ్లు టక్ టక్ అని రెండుసార్లు తడుతున్నాయి. అప్పుడే స్టిక్ కదులుతోంది.

“ఇది ఆట కాదు మా, డ్రైవింగే!” అన్నాడు హేమలతతో, కళ్లు పెద్దవి చేసి. “ఎడం అద్దం సూస్తాండాడు. కుడి అద్దం సూస్తాండాడు. డబుల్ బెల్లు. పోనీ! ఇరవై రెండేండ్లుగా నేను చేసేది ఇదే గదా!”

హేమలతకు అనుమానం వచ్చింది గానీ, సీనియర్ డ్రైవరు అంత ధీమాగా చెప్తుంటే తనకెందుకని ఊరుకుంది.

మర్నాడు సెలవు పెట్టి మదనపల్లెలో, నీరుగట్టువారిపల్లె పోయే దారిలో ఒక మేడ మీదున్న పూల్ టేబులు దగ్గరికి వెళ్లాడు. ఆడుతున్న కాలేజీ పిల్లలు పెద్దాయనకు చోటిచ్చి పక్కకు జరిగారు. రెడ్డెప్ప వంగాడు. ఎడమవైపు మూడుసార్లు చూశాడు. అక్కడేముందోనని పిల్లలందరూ అటు చూశారు. కుడివైపు పైకి చూశాడు. పిల్లలూ పైకి చూశారు. అక్కడ ఒక బల్లి ఉంది. చెక్క మీద రెండుసార్లు తట్టి, ఒక్క పోటు పొడిచాడు. తెల్ల బంతి ఉన్నచోటే ఉంది. దాని పక్కనుంచి పోయిన స్టిక్ మొన ఆకుపచ్చ గుడ్డ మీద ఒక తెల్ల గీత గీసింది. ఓనరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “టేబుల్ రవ్వంత వాలుగా ఉండాదప్పా,” అని చెప్పి రెడ్డెప్ప మెట్లు దిగి వచ్చేశాడు.

ఇంక సాధన ఇంట్లోనే. కిటికీ పక్క పట్టెమంచం మీద దుప్పటి బిగించి కట్టాడు. బంతులకు బదులు నిమ్మకాయలు, స్టిక్కుకు బదులు బూజుకర్ర. రోజూ పొద్దున ఆరింటికి, డ్యూటీకి పోకముందు, గంటసేపు. వంగడం, ఎడం అద్దం మూడుసార్లు, కుడి అద్దం ఒకసారి, డబుల్ బెల్లు, పోటు. నిమ్మకాయ మంచం కిందికి. రత్నమ్మ మంచం కిందినుంచి ఏరిన నిమ్మకాయలతో రెండు జాడీల ఊరగాయ పెట్టింది.

వారం తిరక్కుండా పక్కింటి వెంకటలక్ష్మమ్మ గుమ్మం ముందు నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. చెప్పులు కూడా విప్పలేదు.

“రత్నమ్మా, మీకూ మాకూ ఏం పగుండాదమ్మా? మీ ఆయప్ప దినామూ తెల్లారేసరికి నిమ్మకాయలు పరుస్తాండాడు. మా ఇంటి తట్టు మూడు తూర్లు సూస్తాండాడు. మంచాన్ని రెండు తూర్లు తట్టి, కర్రతో పొడస్తాండాడు. మా ఆయనకు నాలుగు దినాల్నించి నడుము పట్టేసి లేవలేకుండా ఉండాడు. మీ కాళ్లు పట్టుకుంటా, తీసేయమను తల్లీ.”

రత్నమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది చేతబడి కాదు, ఆట అని చెప్పింది. ఆటకు నిమ్మకాయలు యాల అని వెంకటలక్ష్మమ్మ అడిగింది. బంతులు లేక అంది రత్నమ్మ. మరి మా ఇంటి తట్టు సూసేది యాల? దానికి అద్దం అని చెప్పబోయి, చెప్తే ఇంకా కొంప మునుగుతుందని రత్నమ్మ నోరు మూసుకుంది. చివరికి ఒక జాడీ ఊరగాయ ఇవ్వబోతే, ఆ నిమ్మకాయలవే అని తెలుసుకుని వెంకటలక్ష్మమ్మ రెండడుగులు వెనక్కి వేసి, అటునుంచి అటే వెళ్లిపోయింది. ఆ సాయంత్రం రత్నమ్మ మంచాన్ని ఈడ్చి గోడవైపు తిప్పింది.

“ఆయప్ప అన్నా అంటే నీకేమన్నా కిరీటం పెడతారా?” అని అడిగింది మొగుణ్ణి.

“కిరీటం కాదు మే. నేను అన్న కాకపోతే నువ్వు అక్క ఎట్లయితావు? మీ చెల్లెలి మొగుడు నన్ను తక్కువ చేస్తే నిన్ను తక్కువ చేసినట్టు కాదా?”

రత్నమ్మ ఈ కోణం ఎన్నడూ ఆలోచించలేదు. “నిమ్మకాయలు సాలకపోతే సెప్పు, సంతలో తెస్తా,” అంది.

అలా రెండు నెలలు గడిచిపోయాయి. ఒకనాడు మధ్యాహ్నం కుప్పం బస్టాండులో, బస్సు నీడలో కూర్చుని సద్ది తింటూ, ఇద్దరూ కొత్త వీడియో చూస్తున్నారు. కళ్లు ఎడమవైపు తిరిగాయి. ఈసారి అటు తలుపు తెరిచి ఉంది. తలుపు అవతల మెట్లు, మెట్ల కింద రోడ్డు, రోడ్డుకు అవతల ఒక బస్సు.

“నిలుపు, నిలుపు!” అని రెడ్డెప్ప అరిచాడు. ఆ బస్సు ఎడమ తలుపు కింద సొట్ట ఆయన సొట్టే, పలమనేరులో టెంపో తగిలి పడింది. డ్రైవరు సీటులో ఎవరో కాళ్లు పైకి పెట్టుకుని, ముఖాన గుడ్డ కప్పుకుని నిద్రపోతున్నాడు. “ఎవురప్పా ఈ సోంబేరి నా సీట్లో...” అంటుండగానే ఆ మనిషి ముఖం మీద తుండుగుడ్డ ఎర్ర గళ్లదని కనిపించింది. అదే తుండు ఇప్పుడు ఆయన భుజం మీద ఉంది. హేమలత నవ్వు ఆపుకోలేక సద్ది గిన్నె కింద పెట్టేసింది.

తలెత్తి చూస్తే రోడ్డుకు అవతల సెల్‌ఫోన్ల అంగడి, దాని మీద మేడ, మేడ గోడకు ‘పూల్’ అని చిన్న బోర్డు. రెండు నెలలుగా వారానికి నాలుగు రోజులు ఆ మేడ కిందే బస్సు ఆపి, లోకంలో ఏ మూలో ఉన్న గురువును ఫోనులో కొలుస్తున్నాడన్నమాట. చెయ్యి కడుక్కోకుండానే రోడ్డు దాటాడు. హేమలత వెనకాలే పరిగెత్తింది.

మెట్లపైన తలుపు పక్కన ఒకావిడ కుట్టుమిషను మీద జాకెట్టు కుడుతోంది. లోపల టేబులు దగ్గర ఇరవై రెండేళ్ల అమ్మాయి తలకు గుడ్డ కట్టుకుని, బంతులు సర్దుతోంది.

“గురువుగారు యాడుండారమ్మా?” అన్నాడు రెడ్డెప్ప ఆయాసపడుతూ.

“ఏ గురువుగారన్నా?”

“ఫోను కట్టుకోని ఆడేది. నల్ల గ్లవుజు.”

ఆ అమ్మాయి ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. నల్ల గ్లవుజు. రెడ్డెప్ప మనసులో ఇన్నాళ్లూ గురువుగారికి గుబురు మీసాలు, కొంచెం పొట్ట ఉండేవి. ఆ మీసాలు ఒక్కసారిగా ఊడి పడ్డాయి.

ఆమె పేరు ముస్కాన్. ఆ టేబులు వాళ్ల నాన్న ఖాసిమ్‌ది. కింద సెల్‌ఫోన్ల అంగడీ ఆయనదే. డిగ్రీ అయిపోయి, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ, ఆడేవాళ్లు రాని మధ్యాహ్నం పూట తను ఆడుకుంటుంది. నుదుటికి ఫోను కట్టే పట్టీ తల్లి మునీరా కుట్టింది, కుట్టుమిషను ఆవిడే. రెడ్డెప్ప తన కథంతా చెప్పాడు. తోడల్లుడు, పళ్లెం, పందెం. ఆ తర్వాత తను కనిపెట్టిన కిటుకు కూడా చెప్పాడు, ఎడం అద్దం, కుడి అద్దం, డబుల్ బెల్లు, చేసి చూపిస్తూ.

ముస్కాన్ మొదట అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక టేబులు పట్టుకుని నవ్వుతూ నేల మీద కూలబడింది.

“అరే అల్లా! అద్దాలు కావన్నా. ఎడం పక్క మా అమ్మీ ఉంటాది, ఫోనుకు అందదు. అన్నం తినను రమ్మని పిలస్తాంటాది, అందుకు సూస్తా. ఆ పిలుపులు వీడియోలో తీసేస్తా. కుడి పక్క పైన గడియారం, అదీ ఫోనుకు అందదు. రెండింటికి ఆడేవాళ్లు వస్తారు గదా. వేళ్లు తట్టేది, స్టిక్కు మొనకు రుద్దే చాక్ పొడి అంటుకోని ఉంటే దులిపేదానికి.”

“మూడు తూర్లు పిలిస్తే మూడు తూర్లూ సూస్తాది, ఒగ తూరీ రాదు,” అంది మునీరా మిషను ఆపకుండా.

రెడ్డెప్పకు తల కొట్టేసినట్టయింది. రెండు నెలలు! ఒక తల్లి కూతుర్ని అన్నానికి పిలిచిన పిలుపులను ఆయన పొద్దున్నే లేచి సాధన చేశాడు. పక్కింటాయన నడుము మీదికి తెచ్చాడు. హేమలత ముఖం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

“ఇంకెన్ని దినాలుండాది పందానికి?” అని అడిగింది ముస్కాన్, కళ్లు తుడుచుకుని.

“ఒగ నెల.”

ఆమె తన నుదుటి పట్టీ విప్పి రెడ్డెప్ప నుదుటికి కట్టింది. ఆడమంది. ఆడాడు, తప్పాడు. ఆ తర్వాత ఫోను విప్పి ముందు తన వీడియో, దాని తర్వాత ఆయన వీడియో చూపించింది. ముస్కాన్ వీడియోలో స్టిక్ సరిగ్గా నడిమధ్యలో ఉంది. రెడ్డెప్ప వీడియోలో ఎడమ మూలన ఎక్కడో ఉంది.

“నీకు స్టిక్కు ఇంత దూరంగా యాల ఉండాదన్నా?”

రెడ్డెప్పకు వెంటనే తెలిసిపోయింది. ఇరవై రెండేళ్లుగా బస్సుకు కుడి మూలన కూర్చున్నాడు. బండి మొత్తం తనకు ఎడమ పక్కనే ఉంటుంది, తనకు ఎదురుగా ఏదీ ఉండదు. టేబులు దగ్గరా ఒళ్లు అదే లెక్కతో నిలబడింది. ఇంకొకటీ ఉంది. దెబ్బ కొట్టే క్షణంలో ఆయన వీడియో ఎగిరి పైకప్పు ఫ్యానుకు పోతోంది. అంటే బంతి పడిందా లేదా చూడ్డానికి తల ముందే లేస్తోంది. తన కళ్లు తన తప్పు తనకే చూపించడం ఆయన జన్మలో అదే మొదలు. ఊరికే గురువు కళ్లలో కూర్చుంటే సరిపోదని, తన కళ్లలోనూ ఒకసారి కూర్చోవాలని ఆ పూట తెలుసుకున్నాడు.

“స్టిక్కు గడ్డం కిందికి తెచ్చుకో. కొట్టినాంక తల ఎత్తద్దు. బాల్ పడిన సప్పుడు చెవితో వినల్ల,” అంది ముస్కాన్.

ఆ నెలంతా కుప్పం డ్యూటీ పడిన ప్రతి మధ్యాహ్నం నలభై నిమిషాలు అక్కడే. మునీరా ఇప్పుడు ఇద్దర్ని అన్నానికి పిలుస్తోంది, ఇద్దరూ రావడం లేదు. మూడో వారానికి రెడ్డెప్ప వీడియోలో స్టిక్ మధ్యకు వచ్చింది. ఫ్యాను కనిపించడం మానేసింది. బంతులు పడసాగాయి. ఒక్కటే ఇబ్బంది మిగిలింది, చెయ్యి బరువు. “మెల్లంగా అన్నా, మెల్లంగా,” అని ముస్కాన్ రోజుకు ఇరవైసార్లు మొత్తుకునేది.

పందెం ఆదివారం పొద్దున, పుంగనూరు బస్టాండు పక్క మేడ మీద. రత్నమ్మ, దీప గోడ పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. హేమలత వచ్చింది. కుప్పం నుంచి ముస్కాన్, మునీరా మొదటి బస్సుకే వచ్చారు. చెంగల్రాయుడు చొక్కా టక్ చేసుకుని, సొంత స్టిక్ సంచిలోంచి తీశాడు.

“ఏమప్పా రెడ్డెప్పా, నిమ్మకాయలు తెచ్చుకున్నావా?”

వెంకటలక్ష్మమ్మ మాట పుంగనూరు దాకా వచ్చిందన్నమాట. రెడ్డెప్ప పళ్లు కొరుక్కుని, గోడకున్న స్టిక్కుల్లోంచి ఒకటి తీసుకున్నాడు.

ఆట ఒక్కటే. ఒకరికి నిండు రంగు బంతులు ఏడు, ఇంకొకరికి చారల బంతులు ఏడు. ఎవరివి వాళ్లు తెల్ల బంతితో కొట్టి టేబులు అంచుల్లోని జేబుల్లో వేసి, ఆఖరున నల్ల బంతి వేసినవాడు గెలిచినట్టు. నల్ల బంతితో పాటు తెల్ల బంతి కూడా పడితే మాత్రం ఓడినట్టే. చెంగల్రాయుడు వరసగా మూడు వేశాడు. రెడ్డెప్ప వంగాడు. ఎడమకూ చూడలేదు, కుడికీ చూడలేదు. వేశాడు. ఇంకొకటి వేశాడు. తల కదల్లేదు. చెంగల్రాయుడి ముఖంలో నవ్వు పోయింది. ఇంకో పావుగంటకు టక్ చేసిన చొక్కా ఊడి బయటికొచ్చింది. ఇద్దరి బంతులూ అయిపోయాయి. నల్ల బంతి ఒక్కటే మిగిలింది. దాన్ని చెంగల్రాయుడు కొట్టాడు, అంచుకు తగిలి తిరిగొచ్చింది. జేబుకు జానెడు దూరంలో, తెల్ల బంతికి ఎదురుగా, తిన్నగా నిలబడింది.

ముస్కాన్ వీడియోల్లో ఇటువంటి బంతి వంద సార్లు పడింది. రెడ్డెప్ప వంగాడు. స్టిక్ గడ్డం కిందికి వచ్చింది. చెయ్యి నిలకడగా ఉంది. కానీ కళ్ల ముందు బంతి కాదు, చెంగల్రాయుడి నోరు కనిపిస్తోంది. ఆ నోట్లోంచి ‘అన్నా’ అనే మాట రాబోతోంది. పద్దెనిమిదేళ్ల కసంతా చేతిలోకి దిగింది. కొట్టాడు.

తల ఎత్తలేదు. నల్ల బంతి పడిన చప్పుడు చెవితోనే విన్నాడు. రత్నమ్మ ఎగిరి లేచింది. అప్పుడు తలెత్తాడు. తెల్ల బంతి, ఆగాల్సిన చోట ఆగకుండా, నల్లదాని వెనకాలే పోతోంది. జేబు అంచు మీద ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత అదీ పడింది.

ముస్కాన్ కళ్లు మూసుకుంది.

పందెం పందెమే. తప్పించుకునే మనిషి కాదు రెడ్డెప్ప. కానీ ఆ మాట గొంతులోంచి రావడానికి చాలాసేపు పట్టింది. రెండు వందల మంది నోళ్లలోంచి అంత సులభంగా వచ్చే మాట తన నోట్లో అంత బరువుంటుందని ఆయన అనుకోలేదు. రత్నమ్మ ముఖం చూడలేక నేల చూశాడు.

“అన్నా,” అన్నాడు.

చెంగల్రాయుడు పెద్ద నవ్వొకటి సిద్ధం చేసి పెట్టుకున్నాడు. నోరు కూడా తెరిచాడు. నవ్వు రాలేదు. అటు తిరిగి, స్టిక్ మొనకు చాక్ రుద్దడం మొదలుపెట్టాడు. ఆట అయిపోయాక చాక్ దేనికి? రుద్దుతూనే ఉన్నాడు. నీలం పొడి చెప్పుల మీద రాలుతోంది.

“ఇంగొక తూరి అను,” అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

రెడ్డెప్ప ఒళ్లు మండిపోయింది. ఎగతాళి చేస్తున్నాడనుకుని రెండడుగులు ముందుకు వేశాడు. దగ్గరికి పోయి చూస్తే చెంగల్రాయుడి కళ్లలో నీళ్లున్నాయి.

“ఆయప్పకు ఎనకా ముందూ ఎవురూ లేరు గద బావా,” అంది దీప మెల్లగా. “ఒగడే కొడుకు. ఆస్పత్రికి వచ్చేవాళ్లు సార్ అంటారు, పైవాళ్లు ఏయ్ అంటారు. ఇంట్లోవాళ్లుగా అన్నా అనినోళ్లు పుట్టినకాడ్నించి ఒగరూ లేరు.”

రెడ్డెప్పకు సిగ్గేసింది. ముగ్గురు తమ్ముళ్లూ, ఒక చెల్లెలూ ఉన్నవాడు, బస్సు నిండా అన్నలు మోసుకుని తిరిగేవాడు, ఏమీ లేనివాడి నోట్లోంచి ఇంకొకటి లాక్కోవడానికి మూడు నెలలు కష్టపడ్డాడు. గొంతు సవరించుకుని, ఈసారి బస్టాండంతా వినపడేట్టు, “అన్నా!” అన్నాడు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే రెడ్డెప్ప సుఖపడేవాడే. మర్నాడు తెల్లవారి అయిదింటికి ఫోను మోగింది. “తమ్ముడా, లేసినావా? ఏమన్నా తిన్నావా? బ్రేకులు సూసుకున్నావా?” ఆ రోజు నుంచి ప్రతిరోజూ అదే. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగితే చాలు, చెంగల్రాయుడు సంగటి క్యారియరు పట్టుకుని డ్రైవరు కిటికీ కింద తయారు. బస్సెక్కి, “మా తమ్ముడే, నిదానంగా తోలతాడు, బయం లేదు” అని ప్యాసింజర్లకు చెప్తాడు. “మా తమ్మునికి ఏళకు నీళ్లిస్తాండావా మా?” అని హేమలతను నిలదీస్తాడు. పొట్ట తగ్గించమంటాడు. గడ్డం గీసుకోమంటాడు. రెడ్డెప్ప కూతురు సుష్మ ఏ కాలేజీలో చేరాలో ఆయనే తేలుస్తాడు.

“నన్ను పిల్లోణ్ణి చేసినాడు మే!” అని రెడ్డెప్ప రత్నమ్మ దగ్గర మొత్తుకున్నాడు. “పొద్దన్నే పండ్లు తోముకున్నావా అని అడగతాండాడు!”

“తోముకున్నా అని సెప్పు,” అంది రత్నమ్మ.

ఆదివారాలు ఇద్దరూ ఆడుకోవడం మాత్రం మానలేదు. ముస్కాన్ ఆయన చెయ్యి బరువు కూడా తగ్గించింది. ఇప్పుడు రెడ్డెప్ప కొట్టాక తెల్ల బంతి చెప్పిన చోట ఆగుతుంది. మొదటి ఆదివారం ఒక ఆట గెలిచాడు. తర్వాతి ఆదివారం రెండు. నాలుగో ఆదివారం వరసగా మూడాటలూ గెలిచాడు. మూడో ఆటలో చెంగల్రాయుడివి నాలుగు బంతులు టేబులు మీదే మిగిలిపోయాయి.

చెంగల్రాయుడు ఆ నాలుగు బంతులనూ చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆరేళ్ల ఆట పోయిందన్న బాధ ఆ ముఖంలో లేదు. ఇంకేదో ఉంది. స్టిక్ సంచిలో పెడుతూ, జిప్పు లాగుతూ, ఆగి, చిన్న గొంతుతో అడిగాడు.

“అయితే ఇంగ నువ్వు నన్ను అట్ల పిలవవా?”

కింద రోడ్డు మీది నుంచి రత్నమ్మ కేకేస్తోంది, మదనపల్లె బస్సు కదలబోతోందని. రెడ్డెప్ప స్టిక్కును గోడకు ఆనించి, తుండు భుజాన వేసుకున్నాడు.

“బస్సొచ్చేసింది, పోయొస్తానన్నా. రేపు పొద్దన్నే ఫోన్ చేస్తావు గదా?” అని మెట్లు దిగాడు.